కర్మను విడిచి ఫలాన్ని పట్టుకోవడం త్యాగమా?



ఇటీవల విద్యావంతులైన ఉద్యోగుల మధ్య ఒక నూతన సిద్ధాంతం విశేషంగా ప్రచారం పొందుతోంది. ఆర్థిక స్వాతంత్ర్యం సాధించి శీఘ్రంగా పదవీ విరమణ చేయడం దాని సారాంశం. ఆంగ్లపదాల మొదటి అక్షరాలను కూర్చి దానికి ‘ఫైర్’ అని పేరు పెట్టారు. యౌవనంలో ఆదాయంలో సగమో అంతకు మించో కూడబెట్టాలి. ఆ ధనాన్ని షేర్లలో, మ్యూచువల్ ఫండ్లలో, స్థిరాస్తులలో నిలపాలి. ఏటి ఖర్చుకు 25 రెట్లు మూలధనం సిద్ధమైన నాడు, 40వ ఏటనో 45వ ఏటనో, ఉద్యోగానికి నమస్కరించి ఇంటికి రావాలి. అటుపైన జీవితమంతా ఆ మూలధనం మీద వచ్చే ఆదాయంతో గడిచిపోతుంది. ఇదీ ఆ మతం.

ఇది లౌకిక విషయంగానే మిగిలి ఉంటే ఇక్కడ చర్చించవలసిన అవసరం కలిగేది కాదు. కానీ కొంతకాలంగా సాధకులే దీనికి కాషాయం కడుతున్నారు. ఇదే ఆధునిక వానప్రస్థమనీ, ఇదే నివృత్తిమార్గమనీ సత్సంగాలలోనే వినబడుతోంది. మాధాపూర్‌లో పనిచేసే ఇంజనీరూ, అమెరికాలో స్థిరపడిన తెలుగు ఉద్యోగీ ఒకే లెక్క వేసుకుంటున్నారు: మూడు కోట్లో పది కోట్లో చేరగానే రాజీనామా, ఆ తరువాత అరుణాచలంలోనో రిషీకేశంలోనో ప్రశాంతజీవనం. ధనార్జనను శాస్త్రం నిషేధించలేదు. ఉద్యోగం మానడాన్నీ నిషేధించలేదు. అర్థాన్ని పురుషార్థాలలో ఒకటిగా లెక్కించిన ధర్మం మనది. అయితే భోగానికి త్యాగమనే పేరు పెట్టడాన్ని మాత్రం శాస్త్రం ఎన్నడూ అంగీకరించలేదు. ఈ వ్యాసం ఖండించేది ఆ నామాంతరాన్నే.

పూర్వపక్షంలోని గుణం

ప్రతిపక్షాన్ని ఖండించే ముందు అందులోని గుణాన్ని గ్రహించడం మన సంప్రదాయం. ఈ ఉద్యమానికి మూలగ్రంథంగా చెప్పుకునే ‘యువర్ మనీ ఆర్ యువర్ లైఫ్’ 1992లో వెలువడింది. రచయితలు విక్కీ రాబిన్, జో డొమింగెజ్. వస్తువు కొనే ప్రతిసారీ మనం చెల్లిస్తున్నది డబ్బు మాత్రమే కాదని, ఆ డబ్బు సంపాదించడానికి వెచ్చించిన ఆయుష్షు కూడా అని వారు గుర్తుచేశారు. ఇది ఆలోచింపదగిన మాట. అప్పు చేసి కారు కొని, ఆ అప్పు తీర్చడానికి ఇష్టం లేని ఉద్యోగంలో మగ్గుతూ, ఆ దుఃఖం మరచిపోవడానికి మరో వస్తువు కొనే విషవలయం నుండి బయటపడమని చెప్పడం తప్పు కాదు. నెలసరి వాయిదాల బంధం లేని గృహస్థు ధర్మం ఆచరించడానికి ఎక్కువ సమర్థుడు.

మరొక విషయం గమనించాలి. డొమింగెజ్ 31వ ఏట వాల్‌స్ట్రీట్ ఉద్యోగం విడిచిపెట్టాడు. ఆ తరువాత అతడు పని మానలేదు, వేతనం మానాడు. 1997లో మరణించేవరకు తాను నేర్చినది ఇతరులకు నేర్పుతూ, దాని మీద వచ్చిన ఆదాయాన్ని సేవాకార్యాలకే వినియోగించాడు. అంటే ఆదిలో ఈ ఉద్యమానికి చోదకశక్తి సేవ. నేడు మన మధ్య తిరుగుతున్న రూపంలో ఆ సేవ జారిపోయి, మూలధనం, విశ్రాంతి అనే రెండే మిగిలాయి. మన వివాదం ఈ మిగిలిన దానితోనే.

త్యాగస్వరూపం

గీత 18వ అధ్యాయంలో భగవానుడు త్యాగాన్ని మూడు విధాలుగా విభజించాడు. నియతకర్మను మోహవశాన విడిచిపెట్టడం తామసం. శరీరానికి శ్రమ కలుగుతుందనే భయంతో, ఇది దుఃఖకరమని తలచి విడిచిపెట్టడం రాజసం. అటువంటివానికి త్యాగఫలం దక్కదని కూడా స్పష్టం చేశాడు. కర్తవ్యమనే బుద్ధితో కర్మను ఆచరిస్తూ, దానిపై సంగాన్నీ ఫలాన్నీ విడిచిపెట్టడం సాత్త్వికం.

ఇప్పుడు ఈ నూతన సిద్ధాంతాన్ని ఆ నికషోపలం మీద గీసి చూడండి. భగవానుడు చెప్పిన సాత్త్విక త్యాగంలో కర్మ నిలుస్తుంది, ఫలం విడువబడుతుంది. ఈ మతంలో కర్మ విడువబడుతుంది, ఫలం నిలుస్తుంది. నిలవడమే కాదు, మరణపర్యంతం తరగకుండా ఉండేటట్లు రక్షింపబడుతుంది. ఇది గీతాబోధకు కొద్దిపాటి సవరణ కాదు, సంపూర్ణ విపర్యయం. ఉదయం ఆరు గంటలకు లేచి ట్రాఫిక్‌లో చిక్కుకోవడం, పై అధికారి మాట పడటం, రాత్రివేళ విదేశీ కాల్స్‌కు హాజరు కావడం దుస్సహమై పని మానాలనుకోవడం మానవసహజం. దానిని ఎవరూ పరిహసించనక్కరలేదు. కానీ ఆ కారణంతో మానడానికి గీత పెట్టిన పేరు రాజసత్యాగం. దానిని వైరాగ్యమని పిలుచుకుంటే మోసపోయేది మానినవాడే.

వ్యాకరణశాస్త్రంలో స్వాతంత్ర్యం కర్తకు లక్షణం. ఇతరులచేత ప్రేరేపింపబడక తానుగా కర్మలో ప్రవర్తించేవాడే స్వతంత్రుడు. కర్మ లేకపోవడమే స్వాతంత్ర్యమనడం పదార్థానికే విరుద్ధం.

వానప్రస్థమనే పేరు

రెండవ వాదం: “మన పూర్వులు కూడా గృహస్థాశ్రమం తరువాత విరమించారు కదా, మేము కొంత ముందుగా విరమిస్తున్నాం, అంతే.”

మనుస్మృతి 6వ అధ్యాయం వానప్రస్థానికి గుర్తులు చెప్పింది. చర్మం ముడతలు పడటం, తల నెరవడం, సంతానానికి సంతానం కలగడం. వీటిలో ఒక్కటీ బ్యాంకు ఖాతాకు సంబంధించినది కాదు. మూడవ గుర్తును శ్రద్ధగా చూడండి. తన బిడ్డలు స్వయంగా గృహస్థులై, లోకభారాన్ని మోయగల తరం సిద్ధమైన తరువాతనే తండ్రి తప్పుకోవాలి. అనగా వానప్రస్థం బాధ్యతను అప్పగించడం. 40వ ఏట, పిల్లవాడు ఆరో తరగతి చదువుతూ, తల్లిదండ్రులు ఊళ్ళో ఒంటరిగా మోకాళ్ళనొప్పులతో బాధపడుతూ ఉండగా, ఎవరికి ఏమి అప్పగించి ఇతడు వనానికి బయలుదేరుతున్నాడు? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ఉద్యోగుల విరమణ వయస్సును 2022లో 62కు, తెలంగాణ 2021లో 61కి పెంచాయి. ఉద్యోగవిరమణ కాలాన్ని జీవో నిర్ణయిస్తుంది. ఆశ్రమం మారే కాలాన్ని ఋణవిముక్తి నిర్ణయిస్తుంది. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం తీరకముందే మోక్షం కోరేవాడు అధోగతి పొందుతాడని అదే అధ్యాయం హెచ్చరిస్తోంది.

వానప్రస్థుడు ఇంటిని విడిచాడు, పొలాన్ని విడిచాడు, గ్రామంలో పండిన ఆహారాన్ని కూడా విడిచాడు. అగ్నిహోత్రాన్ని మాత్రం విడువలేదు. భోగసామగ్రి వెనుక నిలిచింది, యజ్ఞం వెంట నడిచింది. ఈనాటి విరామవాది వెంట నడుస్తున్నది ఏమిటి? పోర్ట్‌ఫోలియో. వెనుక నిలిచినది ఏమిటి? కర్తవ్యం. ఈ రెంటికీ సామ్యమెక్కడ?

బృహదారణ్యకోపనిషత్తులోని యాజ్ఞవల్క్యుని విరమణను స్మరించండి. ఆయన దరిద్రుడు కాడు. జనకుని సభలో, కొమ్ములకు బంగారం కట్టిన 1000 గోవులను తన ఆశ్రమానికి తోలించుకున్న మహానుభావుడు. ఈనాటి పరిభాషలో చెప్పాలంటే ఆయనకు ఆర్థిక స్వాతంత్ర్యం ఏనాడో సిద్ధించింది. అటువంటివాడు గృహం విడిచి వెళ్ళదలచినపుడు చేసిన మొదటి పని, ఉన్న ధనాన్ని మైత్రేయీ కాత్యాయనులకు పంచి ఇవ్వడానికి పూనుకోవడం. ధనం ఇతరులది అయిన తరువాతనే ప్రయాణం. అప్పుడు మైత్రేయి అడిగిన ప్రశ్న ఈ మతానికంతటికీ ముందుగానే చెప్పిన సమాధానం. ధనంతో నిండిన భూమి యావత్తూ తనదైతే దానివలన తాను అమృతత్వం పొందగలనా అని ఆమె అడిగింది. యాజ్ఞవల్క్యుడు లేదన్నాడు. సాధనసంపత్తి గలవారి బ్రతుకు ఎలా సాగుతుందో ఆమె బ్రతుకూ అలాగే సాగుతుందని, ధనం వల్ల అమృతత్వానికి ఆశ లేదని వివరించాడు. ఆమె ఆ ధనాన్ని కాదని బ్రహ్మవిద్యను కోరింది. మూలధనం సుఖంగా బ్రతకనిస్తుంది. అంతవరకే దాని అధికారం. అది మోక్షద్వారానికి తాళంచెవి అని నమ్మేవాడు మైత్రేయి ప్రశ్నను ఇంకా వినలేదు.

జాబాలశ్రుతి ఆక్షేపం

కొంత శాస్త్రపరిచయం ఉన్నవారు ఇక్కడ ఒక గట్టి ఆక్షేపం తెస్తారు. వైరాగ్యం ఏనాడు కలిగితే ఆనాడే సంన్యసించవచ్చునని, అది బ్రహ్మచర్యం నుండైనా గృహం నుండైనా వనం నుండైనా కావచ్చునని జాబాలోపనిషత్తు అనుమతించింది కదా? నిజమే. ఆ శ్రుతిని ప్రమాణంగా మేమూ శిరసావహిస్తాం. అయితే అక్కడ నిమిత్తం వైరాగ్యం. మూలధనం 25 రెట్లు కావడం నిమిత్తం కాదు. విరాగికి ఆ లెక్కతో పని లేదు. ఆ లెక్క పూర్తి అయ్యేవరకు ఆగినవాడికి ఆ శ్రుతితో పని లేదు. పన్నెండేళ్ళు సంఖ్య కోసం నిరీక్షించి, సంఖ్య పూర్తి కాగానే వైరాగ్యశ్రుతిని ఉదాహరించడం న్యాయం కాదు.

అరుణాచలాన్ని ఆశ్రయించదలచినవారు ఆ క్షేత్రంలో వెలసిన మహర్షి చరిత్రనే చూడవచ్చు. 1896 సెప్టెంబరు 1న పదహారేళ్ళ వెంకటరామన్ తిరువణ్ణామలై చేరాడు. చేతిలో మిగిలిన కొద్ది రూపాయలను అయ్యంకుళం కోనేటిలో విసిరివేశాడు. వైరాగ్యం అంటే అది. అటువంటి రమణులే, ఉద్యోగం విడిచి వచ్చేస్తామని అడిగిన గృహస్థులను సాధారణంగా నివారించారు. ఇల్లు విడిచినా మనస్సు వెంటనే వస్తుందనీ, ఉన్నచోటనే విచారణ సాగించవచ్చుననీ బోధించారు. కోనేటిలో రూపాయలు వేసినవాడు మనకు ఆఫీసులోనే ఆత్మవిచారం చేసుకోమన్నాడు. రూపాయలను ఫండ్లలో వేసి వచ్చినవారు ఆయన మార్గంలోనే ఉన్నామనుకోవడం ఎంతవరకు సమంజసం?

ఎవరి శ్రమ, ఎవరి స్వాతంత్ర్యం?

“మా కష్టార్జితం మీద మేము బ్రతుకుతాం, ఎవరి మీదా ఆధారపడం” అనేది మూడవ వాదం. దీనిని లెక్కతోనే పరీక్షిద్దాం.

25 రెట్లు అనే సంఖ్య నాలుగు శాతం సూత్రం నుండి పుట్టింది. 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు దానిని ప్రతిపాదించాడు. 1998లో టెక్సాస్‌లోని ట్రినిటీ విశ్వవిద్యాలయ ఆచార్యుల అధ్యయనం దానికి ప్రాచుర్యం కలిగించింది. ఆ గణనకు ఆధారం 1926 నుండి అమెరికా షేర్ల, బాండ్ల చరిత్ర. వారు ప్రధానంగా దృష్టిలో ఉంచుకున్న విరామకాలం 30 సంవత్సరాలు. 40వ ఏట విరమించి 90 వరకు జీవించదలచిన హైదరాబాదు గృహస్థుకు 50 సంవత్సరాలు కావాలి. అతని దేశం వేరు, ద్రవ్యోల్బణం వేరు. నెలకు లక్ష ఖర్చున్నవాడు 12 లక్షలను 25తో గుణించి మూడు కోట్లు చాలునంటాడు. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే పన్నెండేళ్ళలో ఆ లక్ష రెండు లక్షలవుతుంది. అందుచేత అతడు రోజూ సూచీలు చూస్తాడు, అమెరికా కేంద్రబ్యాంకు వడ్డీరేటు కోసం నిద్ర మేల్కొంటాడు, యుద్ధవార్త వినగానే మూలధనాన్ని తలచుకుంటాడు. ఇంతకుముందు ఒక్క అధికారికి లోబడినవాడు ఇప్పుడు ప్రపంచవిపణికంతటికీ లోబడ్డాడు.

యోగసూత్రాలకు భాష్యం రచించిన వ్యాసులు అపరిగ్రహాన్ని వివరిస్తూ విషయాలలో అయిదు దోషాలు చూపారు: ఆర్జించడంలోని దోషం, రక్షించడంలోని దోషం, క్షయదోషం, సంగదోషం, హింసాదోషం. విరమణతో మొదటిది ఒక్కటే తీరుతుంది. తక్కిన నాలుగూ మూలధనంతో పాటు ఇంటికి వస్తాయి.

ఇక ఆదాయం ఎక్కడినుండి వస్తోంది? డివిడెండు ఒక కంపెనీ లాభంలో భాగం. ఆ లాభం కర్మాగారంలో నిలబడి పనిచేసే కార్మికుని స్వేదం, రాత్రి డ్యూటీ చేసే ఉద్యోగి జాగరణం. అద్దె చెల్లించేవాడు ఎక్కడో పనిచేసి చెల్లిస్తున్నాడు. బ్యాంకు వడ్డీ మరొకరు తీర్చే అప్పులోని అంశం. ఇవి పాపార్జితాలని మేము అనడం లేదు. మూలధనం పెట్టినవాడికి న్యాయమైన భాగం ఉంది. కానీ “ఎవరి మీదా ఆధారపడం” అనే మాట అసత్యం. జగచ్చక్రం తిరుగుతూనే ఉంది. ఇతడు తిప్పడం మాని, తిరుగుడు వలన కలిగే ఫలాన్ని అనుభవిస్తున్నాడు. గీత 3వ అధ్యాయంలో ఆ చక్రాన్ని అనువర్తింపక ఇంద్రియారాముడై ఉండేవాని జీవితం వ్యర్థమన్నాడు భగవానుడు. దేవతలిచ్చినది వారికి తిరిగి ఇవ్వక అనుభవించేవానిని చోరుడన్నాడు.

ఇంట్లోనూ ఇదే ప్రశ్న ఉంది. భర్త రాజీనామా చేశాడు. వంటింటికి రాజీనామా ఎవరు చేశారు? ఇతని ప్రశాంతజీవనంలో మూడుపూటలా వేడి అన్నం ఎవరి కర్మ? భార్య శ్రమను లెక్కలో చేర్చని స్వాతంత్ర్యం ధర్మశాస్త్రం ముందు నిలువదు.

అతిథికి చోటు లేని పట్టిక

ఈ మార్గంలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది విరమణానంతరకాలం కాదు, దానికి ముందున్న పదిహేనేళ్ళు. ఎక్సెల్ పట్టికలో అద్దె ఉంది, భీమా ఉంది, విహారయాత్ర ఉంది. పంచమహాయజ్ఞాలకు వరుస ఉందా? అతిథికి, పితృకార్యానికి, ఊరి గుడికి, చదువుకునే పేదపిల్లవానికి వరుస ఉందా? చాలావరకు ఉండదు, ఎందుకంటే దానం చేసిన ప్రతి రూపాయి విముక్తిదినాన్ని వెనుకకు నెడుతుంది. చెల్లెలి కుమార్తె పెళ్ళికి సాయం అడిగితే, అది ‘సంఖ్య’ను ఎన్ని నెలలు వాయిదా వేస్తుందో మనస్సు క్షణంలో లెక్కిస్తుంది. పదిహేనేళ్ళు ఇలా లెక్కించిన చిత్తంలో ఏ సంస్కారం దృఢపడుతుంది? సంఖ్య చేరిన మరునాడు ఆ ముడుచుకున్న చేయి తెరుచుకుంటుందా? మితవ్యయం సద్గుణం, లోభం దుర్గుణం. బయటికి రెండూ ఒకేలా కనబడతాయి. భేదం యాచకుడు ద్వారం ముందు నిలిచినపుడు తెలుస్తుంది.

భాగవతం అష్టమస్కంధంలో శుక్రాచార్యుడు బలికి ధనవిభాగం చెప్పాడు: ధర్మానికి, కీర్తికి, అర్థవృద్ధికి, భోగానికి, స్వజనానికి అని అయిదు భాగాలు. ఇది త్యాగి చెప్పిన మాట కాదు, శిష్యుని దానాన్ని ఆపజూచిన లౌకికజ్ఞుడు చెప్పినది. ఆ లౌకికజ్ఞుడు సైతం ధర్మభాగాన్ని మొదట లెక్కించాడు. ఈనాటి పట్టికలో అర్థభోగాలు రెండే మిగిలి, తక్కిన మూడూ ‘సంఖ్య చేరిన తరువాత’ అనే గదిలోకి నెట్టబడ్డాయి.

సాధనకు సమయం

చివరి వాదం సాధకునిది: “ఉద్యోగం వల్ల జపధ్యానాలకు సమయం లేదు.” దీనికి మా ప్రతిప్రశ్న ఒక్కటే. ఈనాడు లభించే సమయం ఏమవుతోంది? ఉదయం అరగంట జపానికి కూర్చోనివానికి, పన్నెండు గంటలు లభించినంత మాత్రాన జపం పుట్టదు. ఫోను చూసే కాలం పెరుగుతుంది. కర్మేంద్రియాలను నిగ్రహించి మనస్సుతో విషయాలను స్మరిస్తూ కూర్చున్నవానిని గీత మిథ్యాచారుడన్నది. జపమాల ఒక చేతిలో, మార్కెట్ యాప్ మరొక చేతిలో ఉన్నవానికి ఆ మాట వర్తిస్తుందో లేదో అతడే తేల్చుకోవాలి.

మహాభారతం అరణ్యపర్వంలో కౌశికుడు తల్లిదండ్రుల అనుజ్ఞ లేకనే ఇల్లు విడిచి వేదాధ్యయనం చేశాడు, తపశ్శక్తి గడించాడు. అయినా ధర్మం తెలియక మిథిలలో మాంసవిక్రయం చేసే ధర్మవ్యాధుని వద్దకు రావలసివచ్చింది. ధర్మవ్యాధుడు తన సిద్ధికి మూలంగా చూపినది తన వృద్ధ మాతాపితరుల సేవను. కౌశికుని ఇంటికి తిరిగి వెళ్ళి తల్లిదండ్రులను సేవించమన్నాడు. తీరిక ఉన్నవాడు తీరిక లేనివాని వద్ద నేర్చుకున్నాడు.

కర్తవ్యం

మరి సాధకుడు ఏమి చేయాలి? ఉద్యోగం అధర్మంతో కూడినదైతే, శరీరాన్ని కూల్చుతున్నదైతే, నేడే విడువవచ్చు. దానికి 25 రెట్లు కూడేవరకు ఆగవలసిన పని లేదు. అది ధర్మబద్ధమైనదైతే, దానినే ఈశ్వరార్పణబుద్ధితో చేయాలి, అదే కర్మయోగం. మూలధనం ఉన్నవాడు వేతనం విడిచిపెట్టదలిస్తే సంతోషం. కానీ వేతనాన్ని విడువుగాక, కర్మను విడువరాదు. ఇరవై ఏళ్ళు నేర్చిన విద్యను గ్రామపాఠశాలలో వేతనం లేకుండా బోధించు. ముసలి తల్లిదండ్రులను నీవే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళు. భార్య చేతిలోని పనిలో సగం నీ చేతిలోకి తీసుకో. ధర్మభాగాన్ని పట్టికలో మొదటి వరుసలో వ్రాయి. అది నేటి నుండే చెల్లించు. ఆ తరువాత నీ విరమణను వానప్రస్థానికి పూర్వరంగమని పిలిస్తే శాస్త్రం ఆక్షేపించదు.

విరమణపత్రం వ్రాసేముందు ప్రతి సాధకుడూ తనను తాను మూడు ప్రశ్నలు అడగాలి. రేపటి నుండి నా వలన ఎవరి భారం తగ్గుతుంది? ఎవరి భారం పెరుగుతుంది? రేపు ఈ మూలధనమంతా పోతే నా శాంతి నిలుస్తుందా? మూడవ ప్రశ్నకు నిస్సంశయంగా అవునని చెప్పగలవాడు నిజమైన స్వతంత్రుడు. అతడు ఆఫీసులో ఉన్నా అరుణాచలంలో ఉన్నా ఒక్కటే. చెప్పలేనివాడు ఇంకా ధనాధీనుడే. అతనికి విశ్రాంతి దొరికింది గానీ విముక్తి దొరకలేదు.

సర్వం శ్రీ పరమేశ్వరార్పణమస్తు.